ఎదుటి ముఖం

చక్రాల కుర్చీకి ఎదురుగా ఓ ముసలాయన వచ్చి నిలబడ్డాడు. పలకరింపు లేదు. నోరు తెరిచి నాలుక బయటపెట్టాడు.

ఆయన మూతి ఎడమ పక్కకి జారి ఉంది. అచ్చం కుర్చీలో ఉన్న వెంకటకృష్ణ మూతిలాగే.

కుర్చీ వెనకున్న వైదేహి పిడులు గట్టిగా పట్టుకుంది.

తార్నాక ఫ్లాటు నుంచి యూనివర్సిటీ చెట్ల కిందికి రోజూ పొద్దున్నే భర్తను తోసుకొస్తుందామె. పక్షవాతం వచ్చాక ఆయన ఎవరి ముందూ నోరు తెరవడం లేదు. గోడవైపు తిరిగి తింటాడు. పళ్లు తోమబోతే దవడలు బిగిస్తాడు. నోటి వాసనకు ఆమే ముఖం తిప్పుకుంటోంది.

అలాంటి మనిషి ఇప్పుడు నాలుక బయటపెట్టాడు!

ముసలాయన బుగ్గలు పూరించాడు. ఈయనా పూరించాడు. ముసలాయన తన బుగ్గలోకి వేలు దూర్చి తిప్పాడు. ఈయనా దూర్చాడు.

మంచులో రెండు వంకర ముఖాలు, మాటా పలుకూ లేకుండా.

"పదండి, ఇంటికెళ్దాం" అంటూ వైదేహి కుర్చీ తిప్పేసింది.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ.

ఓ ఉదయం అద్దం ముందు భర్త ముఖం వికారంగా పెట్టి, బుగ్గలోంచి రాత్రి మెతుకులు తీస్తూ కనిపించాడు. ఆమెను చూసి నవ్వాడు. వైదేహి ఆయన చెయ్యి పట్టుకుని నోట్లోంచి లాగేసింది.

ఆ రోజే ముసలాయన్ని నిలదీసింది. "మా ఆయన్ని వెక్కిరిస్తున్నారా? ఇంకోసారి దగ్గరికొస్తే పోలీసుల్ని పిలుస్తాను!"

ఆయన చేతులు జోడించి, తలదించుకుని వెళ్లిపోయాడు.

వైదేహి అటు వెళ్లడం మానేసింది. వెంకటకృష్ణ మళ్లీ నోరు బిగించాడు. కొన్నాళ్లకు జ్వరం పట్టుకుంది.

"చచ్చుబడిన బుగ్గలో మెతుకులు ఇరుక్కున్నా ఆయనకు తెలియదమ్మా" అన్నాడు డాక్టరు. "అవి అక్కడే కుళ్లి, ఆ కుళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగింది. వేలు పెట్టి తీసుకోవడం, బుగ్గలు పూరించడం ఎవరైనా నేర్పాల్సింది."

వైదేహికి బుగ్గలో తిరిగిన ముసలాయన వేలు గుర్తొచ్చింది.

జ్వరం తగ్గగానే భర్తను తీసుకుని అక్కడికే వెళ్లింది. బెంచీ ఖాళీగా ఉంది. పక్కనే చాయ్ బండి పెట్టుకున్న సమ్మక్కను ఆ ముసలాయన గురించి అడిగింది.

"ఇన్నయ్య సారా? పోయిన వారమే కాలం జేసిండమ్మా. పానం బాగలేకున్నా గీడ్నే కూసుండి మీరొచ్చే తొవ్వ దిక్కు చూసేటోడు."

"మళ్లీ పక్షవాతం వచ్చిందా?"

సమ్మక్క ఆమెను వింతగా చూసింది.

"ఆయనకు పక్షవాతమెక్కడిది? వచ్చింది పెండ్లానికి. మూతి వంకరయిందని ఆమె సిగ్గుతోటి తిండి మానేస్తే, ఆమె పోయేదాంక తన మూతి గూడ గట్లనే వంకర పెట్టుకొని ఎదురుంగ కూసుండి తిన్నడు. మీ సారును చూసినంక మల్ల మొదలువెట్టిండు."