వనజమ్మ పద్దు

"ఆ పేజీ మీద నుంచి చెయ్యి తియ్యప్పా," అంది లాల్‌బీ.

ఆదినారాయణ తియ్యలేదు.

ప్రొద్దుటూరులో ఆయనది పురుగుమందుల అంగడి. రైతులకు మందు డబ్బాలు అప్పుకిచ్చి, పంట చేతికొచ్చాక వసూలు చేసుకునేవాడు. ఊర్లు పార్టీలుగా చీలి ఆరేండ్లయింది. ఆయన సొంతూరు ఒక పార్టీది. రెండో పార్టీ ఊర్లకు బాకీ అడగను పోతే ఎవరూ కొట్టరు. ఎవరూ ఇవ్వరు కూడా. "మీ పార్టీవాళ్లను అడుక్కో పో," అంటారు. అట్లా ఖాతా పుస్తకంలో నలభై రెండు వేలు నిలబడిపోయాయి.

సోమవారం లోపల మందుల కంపెనీకి పాతికవేలు కట్టాలి. కట్టకపోతే పూచీ సంతకం పెట్టిన, బడిలో పాఠాలు చెప్పే కృపావరం అయ్యవారి జీతం మీదికి పోతామని ఉత్తరం వచ్చింది.

లాల్‌బీ గాజులమ్మే మనిషి. బుట్ట నెత్తిన పెట్టుకుంటే ఆమెకు ఏ పార్టీ ఊరైనా ఒకటే. అందుకే అంగళ్లవాళ్లు రాని బాకీలను ఆమెకు అమ్ముతారు. నూటికి అరవై చేతిలో పెట్టి పుస్తకం పట్టుకుపోతుంది. తర్వాత వసూలైనా, మునిగినా ఆమె బాధ.

"ఇరవై ఐదు వేల రెండు నూర్లు. ఎంచుకో," అంది దుడ్ల మూట ముందుకు తోసి. "పుస్తకం మొత్తం నాది కావల్ల."

"ఈ ఒక్క పద్దు వదిలెయ్. ఇచ్చేదాంట్లో దాని లెక్క పట్టుకో."

"ఎంతుంది?"

"ఆరు నూర్లు."

"ఆరు నూర్లకు ఇంత పట్టా?" ఆమె ఆయన వేళ్ల సందున తొంగిచూసి పేరు చదివింది. "వనజమ్మ! అట్లనా సంగతి!"

గట్టిగా నవ్వింది. ఆదినారాయణ పక్కకు చూశాడు.

"నెలకొకసారి తెల్లచొక్కా ఏసుకొని జమ్మలమడుగు బస్సు ఎక్కుతాంటే ఏందో అనుకుంటి. తొమ్మిది ఊర్లలో ఎనిమిదింటికి కాళ్లనొప్పులు, ఈ ఊరికి మాత్రం లేవు. పేజీ నిండా పది, పది, పది. బస్సు చార్జీ పన్నెండు పెట్టుకొని పది రూపాయలు తెస్తాండావు. ఏం యాపారమప్పా ఇది?"

"నోరు మూసుకో."

"నేను మూసుకుంటా. ఆ ఊర్లో ఇంకా పన్నెండు మంది బాకీ ఉండారే, వాళ్లు మూసుకుంటారా? ఆమెను వదిలి మమ్మల్నెందుకు అడుగుతావంటారు. ఒక్క పైసా రాదు."

"ఆమెను వదలద్దు. నెలనెలా నేనే పోయి అడుక్కుంటా."

"ఒక అంగడి బాకీకి ఇద్దరు పోతే ఆ ఊరి పెద్ద ఒప్పుకుంటాడా? ఆడి కట్టడి నీకు తెలీదా? అవతలి పార్టీవాడు పెండ్లికి పోయినా, సావుకు పోయినా కాళ్లు ఇరగ్గొడతారు. బాకీకి పోయినోన్ని మాత్రం తాకరు. రేపు వాళ్లకూ అప్పు కావల్ల గదా!"

ఆయన చెయ్యి కదపలేదు. లాల్‌బీ మూట మళ్లీ కట్టసాగింది.

"నీ ఇష్టం. కృపావరం అయ్యవారికి నలుగురు పిల్లోల్లు. ఆ జీతం ఆగితే వాళ్లు తినేదేంది?"

ముడి పడేలోపల ఆదినారాయణ చెయ్యి పేజీ మీద నుంచి లేచింది.

ఆమె పుస్తకం చంకలో పెట్టుకొని మెట్టు దిగాక పిలిచాడు.

"లాల్‌బీ. ఆమెను అంతా ఒక్కసారి కట్టమని అడగద్దు. నెలకు పది చాలు."

"అది నీ బాకీ కాదప్పా ఇంక."

నెల తిరిగింది. మొదటి మంగళవారం పొద్దున్నే ఆదినారాయణ స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకొని బస్టాండుకు వచ్చాడు. జమ్మలమడుగు బస్సు కదలబోతూ ఉంది.

"రా పెద్దాయనా, ఎక్కు!" అన్నాడు కండక్టరు.

"పని లేదు," అన్నాడు ఆదినారాయణ.

బస్సులో కూర్చున్న లాల్‌బీ కిటికీలో నుంచి చూసింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆయన నిలబడిన చోటనే నిలబడి ఉన్నాడు. "ముసిలోనికి పిచ్చి ముదిరింది," అనుకుంది.

పల్లె మొదట్లో ఊరి పెద్ద పెట్టిన మనుషులు ఆపారు.

"ఏమని వచ్చినావు?"

"బాకీకి."

"ఎవరి బాకీ?"

"ఆదినారాయణ అంగడిది. ఇంక మీద నేనే వచ్చేది."

"పో."

వనజమ్మ వాకిట్లోనే నిలబడి దారి చూస్తూ ఉంది. అరుగు మీద మూత పెట్టిన గిన్నె, పక్కన చెంబుతో నీళ్లు. కొత్త చీర కాకున్నా ఉతికిన చీర. లాల్‌బీ పైనుంచి కిందిదాకా చూసి, బుట్ట దించి సంగతి చెప్పింది.

"ఆయన రాలేదా?" అంది వనజమ్మ. "ఒళ్లు బాగలేదా?"

"గుండురాయి మాదిరి ఉండాడు. నీ పద్దు నాకు అమ్మినాడు. ఇంక ఆయన రాడు."

వనజమ్మ లోపలికి పోయి గుడ్డమూట తెచ్చి గాజుల పక్కన పెట్టింది.

లాల్‌బీ విప్పి ఎంచింది. అన్నీ పాతబడి మెత్తబడిన నోట్లు. ఆరు వందలు సరిగ్గా ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి పెట్టుకున్నావు ఈ దుడ్లు?"

"మూడేండ్లాయె."

"మూడేండ్లా! ఇంట్లో ఇంత పెట్టుకొని నెలకు పది రూపాయలు పారేస్తాంటివా? ఆ ముసిలోన్ని నీ వాకిటి సుట్టూ తిప్పుకోను సిగ్గు లేదా నీకు?"

వనజమ్మ గిన్నె మీది మూత సర్దింది.

"బాకీ తీరిపోతే మా నాయనను ఈ ఊర్లోకి రానియ్యరు గదా."