పక్క కుర్చీ

"రేపట్నించి నేనూ మీ ఆఫీసేనే రాజీ!" అని మా ఆయన గుణశేఖర్ ఫోన్‌లో అరిచేటప్పటికి రాత్రి తొమ్మిదైంది. మాకు పెళ్లై ఇరవై రెండు రోజులు. ఆఫీసు గదిలో నేను తప్ప ఎవరూ లేరు కదా అని, తిరిగే కుర్చీలో కూర్చుని మూడు చుట్లు తిరిగేశాను.

తిరుపతి శివార్లలోని మా ఆఫీసులో గాలాడక అందరికీ తలనొప్పే, మధ్యాహ్నానికే మగతే. తలకు చలిగాలి కొడుతుందని, బయటి గాలి వచ్చే కంతకు ఎవరో అట్ట అంటించేశారు. ఆయనకు ఆ తలనొప్పి రాకూడదని నేను బల్ల ఎక్కి అట్ట పీకేశాను.

గోడమీద గాలి మీటరు ఉంది. గదిలో ఊపిరి పీల్చేవాళ్లు ఎక్కువయ్యేకొద్దీ దాని అంకె పెరుగుతుంది. ఇప్పుడది తగ్గాలి. కానీ ఆరు వందల నుంచి తొమ్మిది వందలకు వెళ్లింది. కాసేపటికి పదమూడు వందలు. పగలు పన్నెండుమంది ఉన్నప్పుడు చూపించే అంకె అది.

కింద ఉన్న వాచ్‌మన్ రాజారత్నానికి ఫోన్ చేసి చెప్పాను.

"అట్ట తీసేసినావా? అది సలికని నీకెవురు సెప్పినార్మా? కిందికి వచ్చేయ్. బ్యాగు ఆడనే ఉండనీ."

లేచాను. మళ్లీ ఫోన్ మోగింది. మా ఆయనే. ఎత్తి చెవి దగ్గర పెట్టుకునేసరికి, నా పక్కనున్న ఖాళీ కుర్చీ మెల్లగా నా వైపు తిరిగింది.

"రేపు ఎనిమిదికే వచ్చేస్తా రాజీ. నీ పక్క కుర్చీలో ఎవురినీ కూసోనీయొద్దు, సరేనా?"