ఒకసారి కొడితే అవును

కంచం విసిరేసి లేచింది చిటపట.

అసలు పేరు అందరూ మర్చిపోయేంతగా ఆ పేరు స్థిరపడిపోయింది. చదివేది పదో తరగతి. క్లాసులో ఒక పిల్ల, "మీ అమ్మ పెళ్లికి మమ్మల్ని పిలవలేదేం?" అన్నందుకు మూతి పగలగొట్టింది. స్కూలువాళ్లు ఇంటికి పంపేశారు.

"ఇప్పుడేమైందే?" అంది తల్లి.

"ఆ శాల్తీ ఎదురుగా కూర్చుని తినడం నా వల్ల కాదు."

శాల్తీ అంటే టైలరు. తల్లి రెండో మొగుడు. మెడలో టేపు, చొక్కా నిండా దారప్పోగులు. సూది దిగకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి టోపీ అయినా తీయకుండా అన్నానికి కూర్చునే రకం. నలుగురిలో మనిషి ఎలా ఉండకూడదో చూపించడానికి తప్ప ఎందుకూ పనికిరాడని చిటపట అభిప్రాయం.

అతను ఇంట్లో అడుగుపెట్టిన రోజే చెప్పేసింది.

"నాతో ఒక్క మాట మాట్లాడొద్దు. నా కంట పడొద్దు. తెలిసిందా?"

టైలరు తలూపాడు. దాంతో దానికి ఇంకా ఒళ్లు మండింది. ఎదురు చెప్పడం కూడా చేతకాని ఈ మనిషిని ఏం చూసి చేసుకుందో ఈ మహాతల్లి!

కంచం విసిరేసిన రోజు సాయంత్రం గదిలో తలుపేసుకుని, కోపం ఆగక గోడని ఒక్క గుద్దు గుద్దింది.

అవతల్నుంచి బదులొచ్చింది. టక్.

చిటపట పై ప్రాణాలు పైనే పోయాయి.

అవతల ఉన్నది పక్క వాటా. మధ్యలో ఉన్నది ఒంటి ఇటుక గోడ. ఎప్పుడో అక్కడ ఒక పిల్ల జ్వరంతో పోయిందట. అప్పట్నుంచీ అద్దెకెవరూ రాక తాళం వేసే ఉంది. దయ్యం ఉందని వీధిలో సగం మంది నమ్ముతారు. మిగతా సగం నమ్మనట్టు నటిస్తారు.

"ఎవరు?"

టక్.

"అవునైతే ఒకసారి కొట్టు. కాదంటే రెండుసార్లు. దయ్యానివా?"

కాస్త ఆగి, టక్ టక్.

పాపం, తను చచ్చిపోయిన సంగతి తనకే తెలీదు కాబోలు అనుకుని జాలిపడింది చిటపట. బతికున్నవాళ్ల మీద ఏనాడూ అంత జాలిపడలేదు.

అలా కుదిరింది స్నేహం. సాయంత్రమైతే చాలు, గోడకి ఆనుకుని కూర్చునేది. గోడపిల్ల అని పేరు కూడా పెట్టింది.

"మా హెడ్‌మిస్ట్రెస్ ఒట్టి దద్దమ్మ. కదూ?"

టక్ టక్.

"నువ్వూ ఆవిడ పార్టీయేనా? ఖర్మ! అయితే మళ్లీ స్కూలుకి పొమ్మంటావు?"

టక్.

"ఆ మూతి పగిలినదానికి సారీ చెప్పాలా?"

టక్.

"చచ్చినా చెప్పను."

గోడ ఉలకలేదు, పలకలేదు. ఎంత బతిమాలినా అంతే.

"సర్లేవే, చెప్తాను. అలగడం ఒకటి నీకు!"

టక్.

పళ్లు నూరుకుంటూనే చెప్పింది. స్కూలుకి పోవడం మొదలుపెట్టింది. ఎవరి ముందూ కంటతడి పెట్టని పిల్ల, ఒకరోజు నాన్న పోయిన సంగతి గోడకి చెప్పి వెక్కివెక్కి ఏడ్చింది. గోడపిల్ల ఆ ఏడుపు ఆగేదాకా మెల్లగా కొడుతూనే ఉంది. టక్... టక్... టక్.

ఇంట్లో విసుర్లు తగ్గాయి. టైలరు మీద మాత్రం తగ్గలేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాడు. ఆ తప్పుకోవడం కూడా తప్పే.

ఒకనాడు దాని స్కూలు చొక్కాకి ఊడిన గుండీ ఎవరూ అడక్కుండానే కుట్టిపెట్టాడు. చిటపట ఆ గుండీని పళ్లతో కొరికి పారేసి, విసవిసా గోడ దగ్గరికొచ్చింది.

"గోడపిల్లా, ఆ టేపుగాడు పోతే తప్ప ఈ ఇంట్లో నాకు ఊపిరాడదు. వాణ్ణి పంపించేస్తావా?"

గోడని మళ్లీ తట్టింది.

"నా ఫ్రెండువి కాదూ? నువ్వు తప్ప నాకెవరున్నారే?"

గదిలో చీకటి పడింది. వంటింట్లో తల్లి గిన్నెలు సర్దుతోంది.

టక్.

మర్నాడు స్కూలు నుంచి వచ్చేసరికి వసారాలో కుట్టుమిషను లేదు. కొక్కేనికి టేపు లేదు.

దయ్యమంటే ఇలా ఉండాలి! ఒక్క పరుగున గదిలోకెళ్లి గోడ బాదింది.

"పీడ వదిలించావే! నా బంగారానివి!"

గోడ పలకలేదు. మళ్లీ కొట్టింది. అరచెయ్యి కందిపోయేదాకా కొట్టింది.

తల్లి వచ్చి గుమ్మంలో నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

"కడుపు చల్లబడిందా? ఎందుకు వెళ్తున్నారని కాళ్లావేళ్లా పడి అడిగాను. 'పిల్ల అడిగింది, కాదనలేకపోయాను' అన్నారు. ఎక్కడికో కూడా చెప్పలేదు. ఆయనతో నువ్వు మాట్లాడిందెప్పుడే?"

"నేనా? నేను ఎవరితోనూ..."

చిటపట గోడవైపు చూసింది.

"అమ్మా, పక్క వాటా తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నిన్నటిదాకా ఆయన దగ్గరే. ఇంటివాళ్లని అడిగి తీసుకున్నారు. రోజూ సాయంత్రం అక్కడే కూర్చుని గుండీలు కుట్టుకునేవారు, నీ కంట పడకుండా."

చిటపట గోడకి చెవి ఆనించి అలాగే నిలబడిపోయింది. తన కంట పడకుండా, తనతో ఒక్క మాటైనా మాట్లాడకుండా, ఈ లోకంలో తనకి దొరికిన ఒకే ఒక్క నేస్తం ఆ మనిషే.