పిడి లేని కత్తులు

"పిడి లేకుండ కత్తేంది?"

కట్టయ్య పట్టకారు కింద పెట్టి ఆ ముసలామెను ఎగాదిగా చూశాడు.

ఆమె నెత్తి మీది మూట దించింది. లారీ కమాను పట్టీ ముక్కలు. పాలకుర్తి నుంచి మోసుకొచ్చిందట.

"పిడి వద్దు బాపూ. కొస నుంచి మొదలు దాక ఒక్కటే ఇనుము. జానెడు పొడుగు. పన్నెండు కావాలె."

"పేరేంది నీది?"

"గోరీ."

"పన్నెండెందుకు?"

"తండాకొకటి," అంది గోరీ.

కొలిమి తిత్తి ఊదుతున్న అతని భార్య కౌసల్య చెయ్యి ఆగిపోయింది.

ఎవరి ఇనుము వాళ్ళు తెచ్చుకుంటే కాదనకపోవడం కట్టయ్య ఇంటి పద్ధతి. అతను మూట లోపల పెట్టాడు.

ఎనిమిది రోజులు పట్టింది. పట్టీని ఎర్రగా కాల్చడం, సాగగొట్టడం, అంచు తీయడం, ఆకురాయితో నునుపు చేయడం. పిడి ఉండాల్సిన చోట ఇనుమునే గుండ్రంగా మలిచాడు. కౌసల్య సమ్మెట వేస్తూనే ఉంది, తిడుతూనే ఉంది.

"నీకు సోయి ఉన్నదా? పిడుంటే పొడుచుకొచ్చి కనవడ్తది. పిడి లేనిది నడుముకు చెక్కుకుంటే ఎవల కండ్ల పడదు. గది గూడ తెల్వదా?"

"ముసల్ది ఏంజేస్తదే?"

"ముసల్ది చెయ్యదు. అడివిలున్నోళ్ళు చేస్తరు. గిది మోస్తది."

అది ఎనభై మూడో సంవత్సరం. ఆ ఎండాకాలమే పక్క ఊరి కమ్మరిని, అన్నలకు కత్తులు కొట్టిచ్చావంటూ పోలీసులు పట్టుకుపోయారు. నెలకు ఇల్లు చేరాడు. అతని కుడి చెయ్యి మళ్ళీ సమ్మెట పట్టలేదు. పెండ్లాం అన్నం కలిపి అతని నోట్లో పెట్టడం కౌసల్య కళ్ళారా చూసింది.

"నీకు గట్లయితే నేను మాత్రం బువ్వ తినిపియ్య. ముందే చెప్తున్న."

"ఉపాసముంట తియ్యి," అని నవ్వాడు కట్టయ్య.

ఆ నవ్వుకే ఆమెకు ఒళ్ళు మండింది.

అతను బొగ్గులకని జనగామ పోయిన రోజు కౌసల్య ఒక్కతే కొలిమి రాజేసింది. ఇరవై ఏళ్ళు సమ్మెట వేసిన చెయ్యి. పన్నెండు కత్తులనూ మళ్ళీ కాల్చి, సాగగొట్టి, వంచి, చిన్న కొడవళ్ళు చేసింది.

మర్నాడు గోరీ వచ్చింది. కట్టయ్య తల ఎత్తలేదు.

"నీ ఇనుము నీదే. రవ్వంత ఉంచుకోలే," అంటూ కౌసల్య కొడవళ్ళ మూట ఆమె ముందుకు తోసింది.

గోరీ ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఎవలు చెయ్యమన్నరు గివి?"

"నేనే చేసిన. కోతకు పోయి బతుకు. ఎవలికో కత్తులు మోసుడెందుకు?"

"నేను గీటినే వద్దంటుంటే, తెచ్చి గివే నా చేతుల వెడ్తవా?"

"నోరు మంచిగ రానియ్యి!"

"నువ్వేం చేసినవో నీకెర్కలేదు బిడ్డా. ఎర్కయ్యే దినం నీకు రావద్దు."

మూట వాకిట్లోకి విసిరికొట్టి గోరీ వెళ్ళిపోయింది.

"పో! మల్ల ఈ దిక్కు సూడకు!"

కొడవళ్ళు అంగట్లో ఒక్కపూటలో అమ్ముడుపోయాయి. కొన్నది ఎక్కువగా తండాల వాళ్ళే.

రెండు నెలలకు, కడుపుతో ఉన్న కోడలు సులోచనకు సూది వేయడానికి నర్సమ్మ మనోరమ వచ్చింది. వస్తూనే కట్టయ్యను నిలదీసింది.

"గోరీకి కత్తులు చేసియ్యలేదట?"

"ఆయన్నేమనకు," అడ్డం వచ్చింది కౌసల్య. "నేనే కొడవండ్లు కొట్టిన. రేపు పోలీసోళ్ళొస్తే నువ్వాపుతవా?"

మనోరమ సూది పెట్టె ఠక్కున మూసింది.

"తండాల్ల కాన్పయితే బొడ్డు దేనితోని కోస్తరో ఎర్కేనా?"

కౌసల్య కోడలి పక్కకు జరిగింది.

"కొడవలితోని. గడ్డి కోసిన కొడవలి, పెంట గీకిన కొడవలి. తొమ్మిది దినాలు తిరగకముందే పిల్లకు దౌడలు బిగుసుకపోతయి, పాలు తాగది, విల్లు తీరు వంగి పానం పోతది. బ్లేడు ఇస్తే మంత్రసానులు ముట్టరు, కమ్మరి కొట్టిన ఇనుమే కావాల్నంటరు. గట్లయితే కత్తులే చేయిస్తనని గోరీ బయల్దేరింది. కోసే ముందు మసిలే నీళ్ళల్ల ఏస్తే పిడిని పట్టిన లక్క కరిగి ఊడుతదని, పిడి వద్దన్నది."

"గంతుంటే చెప్పొద్దా! నోరు లేదా దానికి?" కౌసల్య అరిచింది. కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

"మొగోని ముందు కాన్పు ముచ్చట చెప్తదా? ఆడిదానివి, పక్కకు పిలిచి నువ్వడిగినవా?"

కట్టయ్య లేచాడు. "ఇయ్యాలనే కొడత నర్సమ్మా. ఆమెను రమ్మను."

"యాడికెళ్ళి రమ్మనాలె? మీరియ్యకపోతే భూపాలపల్లి దిక్కు పోయి చేయించుకున్నది. మర్లి వస్తుంటే పోలీసోళ్ళు తొవ్వల పట్టుకున్నరు. ఏ దళానికి మోస్తున్నవని రెండు దినాలు కొట్టిన్రు. దవాఖానకు తెచ్చేసరికే పానం లేదు."

గోరీ మూట విసిరికొట్టిన చోటికి కౌసల్య చూసింది.

"గంత ముసల్దానికి ఎందుకు నర్సమ్మా గీ తిరుగుడు?" సులోచన మెల్లగా అడిగింది.

మనోరమ సూది పెట్టె మళ్ళీ తెరుస్తూ చెప్పింది.

ఆ తండాల మంత్రసానులందరికీ కొడవలితో బొడ్డు కోయడం నేర్పింది గోరీయే. కిందటేడు తన మనవడి బొడ్డు కూడా అలాగే కోసి, తొమ్మిదో రోజున తన చేతులతోనే వాడిని మట్టిలో పెట్టి వచ్చింది.