దేవకమ్మ కొలత

"ఈ మందు కూడా పనిచెయ్యడం లేదమ్మా," అన్నాడు డాక్టరు.

దేవకమ్మ మంచం పక్కనుంచి లేచి నిలబడింది. ఆ మాట వినడం ఇది మూడోసారి.

"ఇంకో మందు ఎయ్యండి సారూ. లోకంలో మందులే లేకుండా పోయినాయా?"

"మా దగ్గరున్నవన్నీ వేసి చూసినాం. మూత్రంలో చేరిన ఫంగస్ ఇది. దేనికీ లొంగడం లేదు. రక్తంలోకి పాకిందంటే మనిషి దక్కడు. నెల్లూరుకు తీసుకుపోండి. అంబులెన్సుకు చెప్తాను."

నాలుగో మంచం మీద ఆమె భర్త సిద్ధయ్య గజగజా వణుకుతున్నాడు. పక్షవాతం వస్తే ఉదయగిరి నుంచి ఆత్మకూరులోని ఈ పది మంచాల ఆసుపత్రికి తెచ్చి నెల రోజులైంది. పడిపోయిన చెయ్యి కదిలింది. మాట తిరిగింది. రేపోమాపో ఇంటికి పోదామనుకుంటుండగా ఈ మాయదారి జ్వరం పట్టుకుంది.

అది మూత్రం గొట్టం వేసిన వాళ్లనే వెతుక్కుని మరీ పట్టుకుంటోంది. మొదట ఒకటో మంచం మాలకొండయ్యకు కనిపించింది. ఆయన ఎక్కడో పెద్దాసుపత్రిలో రెండు నెలలు పడుకుని, గొట్టంతోనే ఇక్కడికి వచ్చాడు. పోయిన వారం కన్నుమూశాడు. ఆయన తర్వాత సిద్ధయ్య. ఆ తర్వాత ఏడో మంచం రామలక్ష్మమ్మ.

పోనీ పక్కపక్క మంచాలా అంటే అవీ కాదు. డాక్టరుకు బుర్ర తిరిగిపోయింది. కుళాయిలు, మంచాలు, తలుపు గడియలు, నర్సుల చేతులు, వార్డులో కంటికి కనిపించినవన్నీ దూదిపుల్లలతో తుడిపించి, మూడు రోజుల కిందటే నెల్లూరు ల్యాబుకు పంపాడు. కబురు ఇంకా రాలేదు.

దేవకమ్మ మూల కూర్చుని ఏడ్చే రకం కాదు. ఉదయగిరిలో ఇరవై ఏళ్లుగా ఇంటింటికీ పాలు పోసిన మనిషి. ఎవరికి ఎంత మూత్రం వచ్చిందో పూటపూటకూ కొలిచి రాయాలి కదా, వాళ్లు వచ్చిన రెండో రోజే వార్డులోని కొలత జగ్గు పగిలింది. నర్సు రజిని విసుక్కుంటుంటే, దేవకమ్మ సంచిలోంచి తన అరలీటరు స్టీలు గిన్నె తీసింది.

"ఇంక దీన్ని పాలకు వాడేది లేదులే పాపా. గీతలు లేవని చూడబాక, నా కన్నే గీత."

రజిని నమ్మక సిరంజితో కొలిచి చూసింది. దేవకమ్మ చెప్పింది మూడు వందల యాభై. వచ్చిందీ మూడు వందల యాభయ్యే.

ఇక కొలతంతా ఆమెదే అయింది. కన్నబిడ్డలు ముక్కు మూసుకునే పని ఆమె నవ్వుతూ చేసింది. పొద్దున్నే పాలు పోయడానికి తిరిగినట్టే తిరిగేది. ఒక్కొక్కరి గొట్టం చివరి సంచిని గిన్నెలోకి వంచి కొలిచి, మంచానికీ మంచానికీ మధ్య గిన్నెలో నీళ్లు తిప్పి పారబోసి, ముందుకు పోయేది. సాయంత్రం చింతపండు వేసి తోమితే గిన్నె తళతళలాడేది.

"నువ్వు మా అమ్మకు దేవుడిచ్చిన తోడు పెద్దమ్మా," అనేది రామలక్ష్మమ్మ కూతురు గోపిక.

అంబులెన్సు వాకిట్లోకి వచ్చింది. సిద్ధయ్యను ఎక్కించారు. దేవకమ్మ ఒక్క నిమిషం ఆగమని డ్రైవరును బతిమాలి లోపలికి పరుగెత్తింది. ఆ పొద్దునే తొమ్మిదో మంచం రమణయ్యకు గొట్టం వేశారు, ఆయన దగ్గర ఎవరూ లేరు. ఆయనదీ కొలిచి రజినికి చెప్పి, గిన్నె కడిగి, వాకిట్లో నిలబడ్డ గోపిక చేతిలో పెట్టింది.

"నేను ఉండను గదా, ఇంక నువ్వే అందరిదీ చూసుకో మే."

బండెక్కి భర్త చెయ్యి పట్టుకుంది. అది నిప్పులా కాలుతోంది.

"దేవకీ, ఇంటికి పోదాం," అన్నాడు సిద్ధయ్య.

అంతవరకూ బిగబట్టిన ఏడుపు కట్టలు తెంచుకుంది.

"బంగారట్టా లేచి కూర్చున్నాడే! ఎవురు తెచ్చి అంటించినారో గానీ, వాళ్ల చేతులు పడిపోను!"

అప్పుడే రజిని ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ల్యాబు వాళ్లు ఫోన్ చేసినారు దేవకమ్మా. అది ఎక్కడినుంచి పాకిందో తెలిసింది."

"కుళాయి నీళ్లా పాపా?"

"కాదు."

"మీ చేతులా?"

"కాదమ్మా."

"మరి ఎవురిదా పాపం? చెప్పు పాపా, వాళ్లను నేను ఊరికే వదల్ను!"

రజిని ఆమె కళ్లలోకి చూడలేక, గ్లవ్సు తొడిగిన చేత్తో గోపిక దగ్గరున్న తళతళలాడే గిన్నెను మెల్లగా లాక్కుని, "దీంట్లో ఉండాదంట," అంది.