అమ్మ అందించిన చరణాలు

"మళ్ళీ చెప్పు," అంది గుల్జార్ బేగం.

నరసరావుపేట సబ్‌జైలు ఊచల అవతల నాగూర్ వలి కళ్ళు మూసుకున్నాడు. "నేను తాగి ఉన్నా. ధనుంజయరావు నన్ను ఎగతాళి చేశాడు."

"ఏమని?"

"గుర్తు లేదమ్మా."

"పాటకు పనికిరావు, వేషానికి పనికిరావు, పోయి మీయమ్మ పక్కన పడుకో అన్నాడు. నీకు మండింది. మైకు స్టాండు తీసుకున్నావు."

"తీసుకున్నా," అన్నాడు వలి.

అతనికి చదువు రాదు. ఆర్కెస్ట్రాలో పాడిన ప్రతి పాటా ఆమె రేడియోలో విని, ముక్క ముక్కగా అందిస్తే నేర్చుకున్నదే. పల్నాడంతా అతని క్యాసెట్లు మోగాయి. మాచర్లలో జనం స్టేజీ ఎక్కి, అతని చొక్కా చింపి పీలికలు పంచుకున్నారు. మద్రాసు సినిమా వాళ్ళు హీరోను చేశారు. అక్కడా కెమెరా పక్కన నిలబడి డైలాగులు అందించింది ఆమే. ఏ మాటైనా పదేపదే పలికితే చాలు, అది తనకే జరిగినట్టు వలి కళ్ళు తడిసేవి. జనం మెచ్చింది ఆ తడినే.

తర్వాతి సినిమాలు వరసగా పోయాయి. తాగుడు మిగిలింది. ఇల్లు తమ్ముడు ఖాసిం మెకానిక్ షాపు మీద నడిచింది. తనను మొదట స్టేజీ ఎక్కించిన ధనుంజయరావు దగ్గరికే వలి మళ్ళీ పాడతానని వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం ఆర్కెస్ట్రా షెడ్డులో ధనుంజయరావు తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కనే వలి, ఒళ్ళు తెలియని నిద్రలో.

"ఏందమ్మా ఇది?" పక్కనే నిలబడి వింటున్న వకీలు జానకిరామయ్య ఇక ఊరుకోలేకపోయాడు. "కళ్ళారా చూసినోళ్ళు లేరు. గుర్తు లేదంటే చాలు, బయటికి తెస్తానంటున్నాగా! రేపు మేజిస్ట్రేటు ముందు ఒప్పుకుంటే యావజ్జీవం. కన్నతల్లివేనా?"

"చేసినోడు చేశానని చెప్పాల. నా బిడ్డతో అబద్ధం ఆడించను వకీలు గారూ."

"పెద్ద సత్యవంతురాలివి. నీ ఇష్టం," అని ఆయన ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వలి తన అరచేతుల వంక చూసుకున్నాడు. అవి ఏమీ చెప్పలేదు. తనలో ఎక్కడో ఆ మధ్యాహ్నం ఉండే ఉంటుంది. దాన్ని వెతుకుతూ లోపలికి వెళ్తే, ఖాళీ హాల్లో లైట్లు ఆర్పినట్టు చీకటి.

"నిజంగా నేనే కొట్టానా అమ్మా?"

"ముందు చెవి మీద కొట్టావు. కిందపడి చెయ్యి అడ్డం పెట్టాడు. వద్దురా అన్నాడు. అయినా ఆగలా."

"నువ్వు చూడలేదు గదా?"

"ఖాసిం చెప్పాడు. వాడు నిన్ను తీసుకురావడానికి వెళ్ళేసరికే అంతా అయిపోయింది. అను."

"చెయ్యి అడ్డం పెట్టాడు," అన్నాడు వలి. "వద్దురా అన్నాడు."

"మళ్ళీ."

"వద్దురా అన్నాడు... వద్దురా..." అతను మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. చీకటిలో ఒక చెయ్యి పైకి లేచింది. చేతికి ఇనుము చల్లగా తగిలింది. "అన్నాడమ్మా! నాకు వినపడతంది. చానా బతిమాలాడు. అయినా నేను ఆగలా!"

కన్నీళ్ళు జారాయి. గుల్జార్ బేగం వాటిని శ్రద్ధగా చూసింది. ఊచల్లోంచి చెయ్యి పెట్టి కొడుకు మొహం తుడిచింది.

"రేపు ఇట్టాగే చెప్పు నాయనా."

"చెప్తా. చెప్తే నాక్కూడా బరువు దిగుద్ది," అన్నాడు వలి.

గేటు బయట ఎండలో చిన్నకొడుకు ఖాసిం మోపెడ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తల్లి మొహంలోకి చూడలేదు.

"ఏమన్నాడు?"

"అంతా గుర్తొచ్చిందంట," అందామె వెనక సీటు మీద కూర్చుంటూ.

బండి కదలలేదు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఇక నువ్వు చేసింది నువ్వు మర్చిపో."