మిస్ ఒడెస్సాకు ఇచ్చిన మాట

"ఇంకో చేప ముక్క వేసుకో కోచ్. తిండి దగ్గర మొహమాటపడేవాణ్ణి నేను నమ్మను," అంది మిస్ ఒడెస్సా.

అప్పటికే మూడు తిన్నాడు ప్రూయిట్. అయినా ప్లేటు చాపాడు. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు కుర్రాళ్లను వెతికి తెచ్చే అసిస్టెంట్ కోచ్ నేర్చుకోవలసిన మొదటి పాఠం అది: పిల్లాడి ఇంట్లో ఏం పెట్టినా వద్దనకూడదు. ఇరవై ఒక్క ఏళ్లుగా మిసిసిపీ రాష్ట్రమంతా తిరిగి తింటూనే ఉన్నాడు. పొట్ట పెరిగింది గానీ హోదా పెరగలేదు. గెలిస్తే హెడ్ కోచ్ గొప్ప, ఓడితే అసిస్టెంట్ తప్పు. ఆ హెడ్ కోచ్ రిఫరీ మీదికి ఎగబడితే కోటు పట్టుకుని వెనక్కి లాగే పని కూడా ఇతనిదే.

జేబులో ఫోన్ మళ్లీ మోగింది. వెస్ట్ డెల్టా కాలేజీ వాళ్లు. హెడ్ కోచ్ ఉద్యోగం నీదేనని, సాయంత్రం ఆరులోగా ఏ సంగతీ చెప్పమని పొద్దున్నే అన్నారు. ఇప్పుడు ఐదున్నర. యాభై మూడేళ్లకు మొదటిసారి తన పేరు ఎవరికో గుర్తొచ్చింది. సరేనందామనే అనుకున్నాడు. ఈ భోజనం పది రోజుల క్రితం, తను ఇప్పుడు పనిచేస్తున్న గ్రీర్ కాలేజీ తరఫున ఒప్పుకున్నది కాబట్టి వచ్చాడు.

ఎదురుగా మిస్ ఒడెస్సా మనవడు జెరికో, ఆరడుగుల తొమ్మిది అంగుళాల మనిషి, కాళ్లు టేబుల్ కింద పట్టక పక్కకు చాపుకుని కూర్చున్నాడు. వాడి కోసం ఇప్పుడు ఏడు కాలేజీలు ఎగబడుతున్నాయి. కానీ వాడికి బంతి పట్టుకోవడం కూడా సరిగ్గా రాని తొమ్మిదో తరగతి నుంచీ వస్తున్నది ప్రూయిట్ ఒక్కడే.

"వీడి అన్న కోసం కూడా ఇట్లాగే వచ్చాడొకాయన," అంది మిస్ ఒడెస్సా. "నీ మనవడు నా కొడుకులాంటోడమ్మా అన్నాడు. మావాడు చేరతానని సంతకం పెట్టిన మూడో నెలలో ఆయన ఇంకో కాలేజీకి చెక్కేశాడు. కొత్తగా వచ్చినాయన మావాడి పేరైనా అడగలేదు. బెంచీ మీద కూర్చుని కూర్చుని ఏడాదికే ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు కోళ్ల ఫ్యాక్టరీలో ముక్కలు కొడుతున్నాడు."

ప్రూయిట్ తల దించుకున్నాడు. సంతకం పెట్టేదాకా ఓడ మల్లయ్య, పెట్టాక బోడి మల్లయ్య. తన వృత్తిలో అది మామూలే. తనూ రెండుసార్లు అలా చేశాడు.

"ఒక్కటే అడుగుతా. వీడు చదివే నాలుగేళ్లూ నువ్వు గ్రీర్‌లో ఉంటావా?"

"గ్రీర్ మంచి కాలేజీ అమ్మా..."

"కాలేజీ సంగతి కాదయ్యా, నీ సంగతి అడిగాను."

"నానమ్మా, నేను చెప్పేదేంటంటే..." అన్నాడు జెరికో.

"పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నోర్మూసుకోమన్నానా? నీ మాట తర్వాత!"

ప్రూయిట్ లేచి వరండాలోకి వెళ్లాడు. వీణ్ణి తనతోపాటు వెస్ట్ డెల్టాకు రమ్మంటే? గ్రీర్ పంపితే వచ్చి, గ్రీర్‌కు దక్కాల్సిన కుర్రాణ్ణి ఎత్తుకుపోవడం తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే. అంత పని తన వల్ల కాదు. పోనీ వీణ్ణి వదిలేసి వెళ్తే, కోళ్ల ఫ్యాక్టరీకి ఇంకొకణ్ణి పంపినట్టే. ఫోన్ చేశాడు.

"నేను రాలేను సార్."

"అదేంటయ్యా! నువ్వొస్తున్నావని వార్త కూడా బయటికి పొక్కింది," అన్నాడు వెస్ట్ డెల్టా డైరెక్టర్. "బాగా ఆలోచించుకో. రెండో మనిషి పక్క గదిలోనే కూర్చున్నాడు. నువ్వు ఫోన్ పెట్టేయగానే ఆయనతో సంతకం పెట్టించేస్తాను."

"పెట్టించేయండి సార్."

ఇరవై ఒక్క ఏళ్ల ఆశ ఒక్క ముక్కలో పోయింది. కళ్లు తుడుచుకుని లోపలికొచ్చాడు.

"ఉంటానమ్మా. నాలుగేళ్లూ గ్రీర్‌లోనే ఉంటాను."

మిస్ ఒడెస్సా అతని ముఖంలోకి చూసింది. అబద్ధం కనబడలేదు. "ఇక చెప్పరా," అంది మనవడితో.

జెరికో తన గదిలోకి వెళ్లాడు. ఏ కాలేజీలో చేరతాడో ఆ కాలేజీ పంపిన టోపీ పెట్టుకుని వచ్చి చూపించడం ఇక్కడి కుర్రాళ్ల ఆనవాయితీ. గ్రీర్‌ది ఆకుపచ్చ టోపీ. వాడు ఎర్రది పెట్టుకొచ్చాడు. దాని మీద తెల్లగా వెస్ట్ డెల్టా అని రాసి ఉంది.

"ఇదేంట్రా?" గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది మిస్ ఒడెస్సా.

"ఇందాక అదే చెప్పబోతుంటే నోర్మూయించావుగా." జెరికో ప్రూయిట్ వైపు తిరిగి, ముఖమంతా నవ్వుతో ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"కోచ్ వెళ్తున్నది అక్కడికేగా, నానమ్మా!"